డార్క్ షాడోస్ మళ్ళీ చూస్తున్నాం: ఒకటో ఎపిసోడ్ నుంచా, 210 నుంచా?

పాతటేపు:
డీవీడీల పెట్టె మళ్ళీ కిందికి దించాను. తెలియనివాళ్ళ కోసం: ఇది 1966 జూన్ నుంచి 1971 ఏప్రిల్ దాకా అమెరికాలో ఏబీసీ ఛానల్లో మధ్యాహ్నం పూట వచ్చిన సీరియల్. డాన్ కర్టిస్ తీశాడు. మొత్తం 1,225 ఎపిసోడ్లు. మెయిన్ రాష్ట్రంలో కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత ఊరు, అక్కడ కొండ మీద కాలిన్‌వుడ్ బంగళా, అందులో కాలిన్స్ కుటుంబం. రేటింగులు రాకపోవడంతో 1967 ఏప్రిల్‌లో బార్నబాస్ కాలిన్స్ అనే రక్తపిశాచిని కథలోకి దింపారు. కొన్ని వారాలకని తీసుకున్న జోనథన్ ఫ్రిడ్ సీరియల్ ఆగిపోయేదాకా ఉండిపోయాడు.
2002లో మొదలైన డీవీడీలు కూడా అతను వచ్చే 210వ ఎపిసోడ్‌తోనే మొదలవుతాయి. ముందున్న 209 ఎపిసోడ్లు 2007లో విడిగా రావడం మొదలైంది. మా ఆవిడ ఇంతవరకు చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

వెండితోడేలు:
210. ఇందులో ఆలోచించేదేముంది? నగల కోసం విల్లీ లూమిస్ అనే దొంగ కాలిన్స్ వాళ్ళ సమాధి గదిలోకి వెళ్ళి, గొలుసులు తెంచి, పెట్టె మూత ఎత్తగానే ఒక చెయ్యి వచ్చి గొంతు పట్టుకుంటుంది. ఎపిసోడ్ అక్కడితో అయిపోతుంది. మర్నాడు నల్ల టోపీ, భుజాల మీద కేప్, చేతిలో వెండి తోడేలు తల ఉన్న కర్రతో ఒకాయన బంగళా తలుపు దగ్గర నిలబడి, నేను ఇంగ్లండ్ నుంచి వచ్చిన మీ బంధువునంటాడు. సీరియల్ మొదలైంది అక్కడే. అంతకు ముందు ఉన్నది వెండి పెన్ను గొడవ. కాలిన్స్ కుటుంబం మీద పగబట్టిన బర్క్ డెవ్లిన్ పెన్ను, ఆ ఇంటి రోజర్ కాలిన్స్ పోగొట్టుకోవడం, ఇంట్లో పనికొచ్చిన విక్టోరియాకు దొరకడం, రోజర్ దాచడం, వారాల తరబడి అదే. మా బావమరిదికి ఒకటో ఎపిసోడ్ నుంచి పెట్టాను. పెన్ను దగ్గర లేచి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మా ఇంటికొస్తే టీవీ రిమోట్ నా చేతికివ్వడు.

గోదారిగట్టు: 210కే నా ఓటు.

నిశిగంధ:
ఒకటి నుంచి చూడండి పాతటేపు గారూ. తోడేలు గారు పెన్ను ఒక్కటే చెప్పి మిగతాది వదిలేశారు. తల్లిదండ్రులెవరో తెలియని విక్టోరియా వింటర్స్ రైల్లో ఆ ఊరికి ఉద్యోగానికొస్తుంది. కథ ఆమెది. బార్నబాస్ రాకముందే ఆ ఇంట్లో దయ్యాలున్నాయి. 70వ ఎపిసోడ్‌లో, బంగళా దగ్గర్లో పాడుబడిన పాత ఇంట్లో గోడకున్న చిత్రంలోంచి ఎప్పుడో చనిపోయిన జోసెట్ దిగి వస్తుంది. మాట్లాడదు. బయటికొచ్చి, ఆ ఇంటి స్తంభాల మధ్య తెల్ల బట్టల్లో మెల్లగా తిరుగుతుంది. తర్వాత వచ్చే అగ్నిపక్షి (ఫీనిక్స్) కథలో రోజర్ భార్య లారా సొంత కొడుకునే మంటల్లోకి తీసుకుపోవాలని చూస్తుంది. ఇవన్నీ పెన్నేనా?

వెండితోడేలు:
దయ్యం ఒక ఎపిసోడ్‌లో వస్తుంది, పెన్ను ఎన్ని ఎపిసోడ్లలో వస్తుందో మీరే చెప్పండి. రోజూ అరగంట చొప్పున ఏడాది పాటు చూసే రోజుల్లో అది నడిచింది. డిస్కు మీద వరసగా నాలుగేసి చూసేవాళ్ళకి అదే మాట, అదే గది, అదే అనుమానం. వీడియో తెచ్చిన కంపెనీ కూడా 210 నుంచే మొదలుపెట్టిందంటే ఊరికే కాదు.

నిశిగంధ:
కంపెనీ అమ్ముడుపోయేది ముందు అమ్మింది. అంతమాత్రాన కథ అక్కడ మొదలైనట్టా? ఇక పెన్ను అంటారా, కాలిన్స్ వాళ్ళ దగ్గర పనిచేసే బిల్ మలాయ్‌ని ఎవరు చంపారన్న అనుమానమంతా దాని మీదే నడుస్తుంది. రోజర్ ఎంత పిరికివాడో, పైకి ఎంత దర్జాగా కనిపిస్తాడో ఆ పాత్ర వేసిన లూయీ ఎడ్మండ్స్ ఆ పెన్ను దాచే సన్నివేశాల్లోనే చూపించాడు.

పాతటేపు:
పెన్ను పక్కన పెడదామా? ప్రింట్ గురించి ఒక మాట చెప్తాను. 1967 ఆగస్టు దాకా అంతా నలుపు తెలుపే, తర్వాతే రంగులు. కొన్ని ఎపిసోడ్ల అసలు టేపులు పోయి, కినెస్కోప్ కాపీలే (టీవీ తెర మీది బొమ్మని ఫిల్మ్ మీదికి తీసినవి) మిగిలాయి. అందుకే రంగుల ఎపిసోడ్ల మధ్యలో ఉన్నట్టుండి ఒకటి నలుపు తెలుపుగా, మసకగా వస్తుంది. టీవీ పాడైందని కంగారు పడకండి. 1219 అయితే బొమ్మే లేదు, శబ్దం మాత్రమే దొరికింది, దానికి స్టిల్ ఫొటోలు కలిపి ఇచ్చారు. న్యూయార్క్ స్టూడియోలో దాదాపు లైవ్ లాగే తీసేవాళ్ళు కాబట్టి మైకు నీడలు, ఊగే గోడలు అలాగే ఉండిపోయాయి. వాటిని కంప్యూటర్‌లో తుడిచేస్తే నేను కొనను.

కొత్తపాఠకుడు: ఫ్రిడ్ డైలాగులు తడబడతాడని విన్నాను, నిజమేనా?

వెండితోడేలు:
నిజమే. చాలాచోట్ల కళ్ళు టెలీప్రాంప్టర్ వైపు వెళ్తాయి. కానీ ఆ తడబాటే బార్నబాస్‌కి సరిపోయింది. 170 ఏళ్ళు పెట్టెలో పడున్న మనిషి మాటలు వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. అతని కళ్ళల్లో భయం ఉంటుంది, సిగ్గు ఉంటుంది. కథ వెనక్కి 1795కి వెళ్ళాక తెలుస్తుంది కదా, పనిమనిషి ఏంజెలీక్ మంత్రం వేసి, శాపం పెట్టి, అతన్ని ఇలా చేసిందని. ప్రేమించిన జోసెట్ విడోస్ హిల్ మీంచి దూకి చచ్చిపోయింది. అంత దుఃఖం మోసే రక్తపిశాచి అంతకు ముందు టీవీలో లేడు. పిల్లలు బడి నుంచి పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది ఇతని కోసం, పెన్ను కోసం కాదు.

నిశిగంధ:
అదిగో, పెన్ను, పెన్ను. సరే, మ్యాగీ ఎవాన్స్ ఎవరో చెప్పండి.

వెండితోడేలు: హోటల్ కాఫీ షాపులో పనిచేసే అమ్మాయి. అయితే?

నిశిగంధ:
210 నుంచి చూసినవాళ్ళకి ఆమె అంతే. మొదటి ఎపిసోడ్ నుంచి చూసినవాళ్ళకి విక్టోరియా ఆ ఊళ్ళో అడుగుపెట్టిన రాత్రి ఎదురైన మనిషి. తాగుబోతు తండ్రిని కనిపెట్టుకుని ఉండే కూతురు. బార్నబాస్ ఎత్తుకుపోయేది ఆమెనే. పాత ఇంట్లో బంధించి, జోసెట్ బట్టలు తొడిగి, జోసెట్ మ్యూజిక్ బాక్స్ ఆమె ముందు తెరిచి పెట్టి, నువ్వు మ్యాగీవి కాదు, జోసెట్‌వని రోజూ చెప్తాడు. ఒప్పుకోకపోతే చీకటి గదిలో పడేస్తాడు. ఆ చిన్న పాట మోగుతుంటే మ్యాగీ తన పేరు తనే తలుచుకోవాల్సి వస్తుంది. చివరికి బార్నబాస్ చెల్లెలు సారా దయ్యమై వచ్చి ఆమెకు దారి చూపిస్తుంది. సొంత చెల్లెలే అతని వైపు లేదండీ.

వెండితోడేలు:
అతను తప్పు చేయలేదని నేనెక్కడన్నాను? శాపంలో ఉన్నాడు. తర్వాత మారతాడు. ఆ కుటుంబాన్ని కాపాడేది అతనే. మీరు ఇరవై చిల్లర ఎపిసోడ్లు పట్టుకుని వెయ్యి ఎపిసోడ్ల మనిషిని కొట్టిపారేస్తున్నారు.

నిశిగంధ:
మారతాడు, మ్యాగీకి మాత్రం ఏం జరిగిందో గుర్తుండదు. డాక్టర్ జూలియా హాఫ్మన్ హిప్నటైజ్ చేసి ఆ జ్ఞాపకం తుడిచేస్తుంది. వైద్యం చేయాల్సిన మనిషి! ఎందుకంటే బార్నబాస్ దొరికిపోకూడదు. ఆ తర్వాత మ్యాగీ అతని ఎదురుగా కూర్చుని మర్యాదగా పలకరిస్తుంది. నాకు ఇప్పటికీ ఆ సన్నివేశాలు చూస్తే కడుపులో తిప్పుతుంది.
నేనిది ఊరికే చెప్పడం లేదు. నా మొదటి ఉద్యోగంలో ఒక పెద్దమనిషి మీద ఫిర్యాదు చేశాను. అందరూ ఒకటే మాట. ఆయన పాపం ఇంట్లో కష్టాల్లో ఉన్నాడు, మనసు మంచిది, నువ్వు మరిచిపో. చెప్పినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆయనకి వీడ్కోలు సభ ఘనంగా చేశారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.
అందుకే ఒకటి నుంచి చూడమంటున్నాను. అలా చూస్తే ఆ ఇంటికొచ్చిన కొత్త మనిషి అతను. 210 నుంచి చూస్తే ఇల్లు అతనిదైపోతుంది, మిగతా అందరూ అతని దుఃఖానికి సామాను అయిపోతారు. మొదట్లో జోసెట్ ఆ ఇంటిని కాపాడే దయ్యం. అతను వచ్చాక అతను పోగొట్టుకున్న ప్రియురాలు, అంతే.

వెండితోడేలు:
మీకు జరిగింది అన్యాయం. దాన్ని నేను తక్కువ చేయను. కానీ బార్నబాస్ మీద జాలి పడేవాళ్ళందరినీ ఆ ఆఫీసువాళ్ళతో కలిపేయకండి.
మా నాన్న తాగేవాడు. అమ్మని కొట్టేవాడు. నేను ఇంటరు చదివేటప్పుడు మానేశాడు, ఇక చచ్చేదాకా ముట్టలేదు. మా చుట్టాల్లో ఒక్కరూ ఆ మార్పుని లెక్కలోకి తీసుకోలేదు, పెళ్ళిళ్ళలో కూడా పక్కన కూర్చునేవాళ్ళు కాదు. అమ్మ క్షమించింది, వాళ్ళు క్షమించలేదు. అమెరికా వచ్చిన కొత్తలో లైబ్రరీలో వీహెచ్ఎస్ టేపులు తెచ్చుకుని చూశాను. తను చేసినదానికి తనే భయపడే మనిషిని తెర మీద చూడటం నాకు అదే మొదటిసారి. ఆ మనిషికి ఇంకో అవకాశం లేదంటే నేను ఒప్పుకోలేను.

అట్లాంటా అత్తయ్య: ఇద్దరూ పెద్ద మాటలు అన్నారు, ఇద్దరి మాటా విన్నాను నాయనా.

నిశిగంధ:
మీ అమ్మగారు అన్నీ గుర్తుండగా క్షమించారు తోడేలు గారూ. మ్యాగీకి ఆ వీలే లేకుండా చేశారు. నా బాధ అక్కడ. ఇంకొకటి, డాక్టర్ వుడార్డ్ సంగతి మీరు ఇంతవరకు ఎత్తలేదు. నిజం కనిపెట్టాడని బార్నబాస్, జూలియా కలిసి ఇంజెక్షన్ ఇచ్చి చంపి గుండెపోటులా చూపించారు. మ్యాగీ తండ్రికి స్నేహితుడాయన. అది ఏ శాపం?

వెండితోడేలు:
వుడార్డ్ హత్యని సమర్థించను. రచయితలు కూడా దాన్ని అంత తేలిగ్గా వదిలేయకుండా ఉండాల్సింది. మ్యాగీకి నిజం తెలిసి, అప్పుడు అతను ఆమె ముందు నిలబడే ఎపిసోడ్లు రాసుంటే నేనూ చూసేవాణ్ణి. రాయలేదు. అయినా కొత్తవాళ్ళకి 210 అనే చెప్తాను. ముందు అతన్ని దగ్గరగా చూడనివ్వండి, తర్వాత వెనక్కి వెళ్ళి మ్యాగీని చూసుకుంటారు.

నిశిగంధ: వెనక్కి ఎవరూ వెళ్ళరు. మీ బావమరిది వెళ్ళాడా?

గోదారిగట్టు: నా ఓటు వెనక్కి తీసుకోవచ్చా?

పాతటేపు:
ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. ఒకటో డిస్కు పెట్టమంది. పెన్ను ఎపిసోడ్లు కూడా దాటేయొద్దంది. వుడార్డ్ దాకా వచ్చాక ఆమె ఏమందో ఇక్కడే రాస్తాను, కాస్త టైమ్ పడుతుంది.