సమస్య: “లేనివాఁడె పలికె నేనె సాక్షి”

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం. ప్రాసయతి ఉంది, గమనించండి. స్పానిష్ రచయిత సెర్వాంటెస్ నవల ‘డాన్ క్విక్సోట్’ మొదటి భాగం 1605లో వచ్చింది. ఆయన రెండోది ముగించకముందే 1614లో అవెల్లనేడా అనే మారుపేరుతో ఎవరో రెండో భాగం అచ్చేసి, ముందుమాటలో ఆయన్నే వెక్కిరించారు. 1615లో అసలు రెండో భాగం వచ్చింది. ఈ గొడవ మీదే పూరించండి.

ఏటిగట్టు:
దొంగ కథను పుట్టి తోవలోఁ గనబడ్డ
తార్ఫె రాసి యిచ్చె దస్తవేజు
“అసలు వీరుఁ డితఁడె యారూఢిగా” నని
లేనివాఁడె పలికె “నేనె సాక్షి”

తార్ఫే నకిలీ పుస్తకంలోని పాత్ర. సెర్వాంటెస్ అతన్ని తన రెండో భాగం 72వ అధ్యాయంలోకి లాక్కొచ్చి, ‘ఆ పుస్తకంలోని క్విక్సోట్ ఇతను కాడు’ అని ఊరి అధికారి ముందు రాయించాడు.

తాటాకు: భలే! సమస్య ఈ ఘట్టం కోసమే పుట్టినట్టుంది. ‘ఆరూఢిగా’ మాత్రం గణాలు నింపడానికే వచ్చింది.

మిరపకాయ:
ముసుగు పేరుతోడ ముసలివాఁడని తిట్టె
ఒంటిచేతి వాఁడ వోయి యనియె
తనదె రెండవ దని కల్లలే యల్లుచు
లేనివాఁడె పలికె “నేనె సాక్షి”

తాటాకు: మూడో పాదంలో యతి తప్పింది, త-కలకు చెల్లదు. ‘దబ్బర లల్లుచు’ అంటే సరి. ఇంతకీ దేనికి సాక్షి? దొంగసొత్తుకి దొంగేనా? సెర్వాంటెస్ ఎడమచెయ్యి 1571లో లెపాంటో నౌకాయుద్ధంలో చచ్చుబడింది. దాన్ని ఎగతాళి చేసినవాణ్ణి ఇంకాస్త గట్టిగా కొట్టాల్సింది.

ఏటిగట్టు: గట్టిగా కొట్టినవాడు మరో స్పానిష్ రచయిత మతేయో అలెమాన్. ఆయన ‘గుస్మాన్’ నవల 1599లో వస్తే, 1602లో సయవేద్ర అనే దొంగపేరుతో నకిలీ కొనసాగింపు వచ్చింది. 1604లో తన రెండో భాగంలో సయవేద్ర పేరుతోనే ఒక దొంగను సృష్టించి, పిచ్చెక్కించి సముద్రంలో దూకించాడు! ఆయన పక్కన సెర్వాంటెస్ మర్యాదస్తుడే.

తాటాకు: నా పూరణ:
అరబు చరితకారుఁ డంచుఁ గల్పన చేసి
కలము నతని చేతఁ గవియె పెట్టె
“నాకె పుట్టె నితఁడు, నకిలీలు వల”దని
లేనివాఁడె పలికె “నేనె సాక్షి”

ఈ కథ తనది కాదనీ, సీదే హమేతే అనే చరిత్రకారుడు రాశాడనీ సెర్వాంటెస్ నాటకమాడాడు కదా.

మిరపకాయ: తాటాకు గారూ, చివర్లో ‘క్విక్సోట్ నా ఒక్కదాని కోసమే పుట్టాడు’ అన్నది హమేతే కాదండీ, ఆయన కలం!

నిర్వాహకుడు: పట్టుకోదగ్గ తప్పే. అయినా ఆ కలం ఉన్నది లేనివాడి చేతిలోనే కాబట్టి సమస్యకు లోటు రాదు. నా ఓటు మాత్రం తార్ఫేకే. వచ్చేవారం కందం.