సినిమా హాలు బింగో హాలైతే నేల వాలుని ఏం చేస్తారు?

నమస్తే అండీ. ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి లండన్ టూటింగ్‌లోని పాత గ్రనాడా సినిమా హాలు తీసుకున్నాను. 1931లో తెరిచారు. లోపలి అలంకరణ రష్యాకు చెందిన నాటక దర్శకుడు కొమిసార్జెవ్‌స్కీది. పైన మొన తేలిన గోథిక్ కమానులు, వాటి మధ్య గోడల మీద బొమ్మలు, రెండు వైపులా అద్దాలున్న పొడవాటి నడవా. టికెట్ కొన్నవాడికి సినిమాకి ముందే సగం డబ్బులు వసూలైనట్టే!

1973లో సినిమాలు ఆగాయి, 1976 నుంచి బింగో (పిలిచిన అంకెల్ని కార్డు మీద కొట్టేసుకునే, మన హౌసీ లాంటి ఆట). 2000లో గ్రేడ్ 1 రక్షణ (అక్కడ చారిత్రక కట్టడాలకిచ్చే అన్నిటికన్నా పై స్థాయి) వచ్చింది కాబట్టి ఇష్టమొచ్చినట్టు పగలగొట్టడానికి లేదు.

నా టెన్షన్ ఇదీ. సినిమాకి నేల తెర వైపు వాలి ఉండాలి, బింగో బల్లలకేమో చదునుగా కావాలి. నా సెక్షన్ డ్రాయింగ్‌లో (హాలుని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) మెట్లు మెట్లుగా చెక్క వేదికలు వేశాను, తర్వాత విప్పేసేలా. మా సార్ మాత్రం మొత్తం కాంక్రీటుతో చదును చేసేయమంటున్నారు. నాకది అన్యాయం అనిపిస్తోంది.

ఇలాంటి పని చేసినవాళ్లున్నారా? విప్పగలిగే వేదికలు బరువుకి ఊగకుండా ఎలా నిలబెడతారు? చీకటి కోసం కట్టిన హాల్లో, అంకెలు కనిపించేంత వెలుతురు పెడితే పైకప్పు అందం పోకుండా ఏం చేస్తారు?