ఐదేళ్ల సాంకేతిక ప్రణాళికలో అసలు ఏం రాయాలి?

ప్రశ్న

నమస్కారం. సుమారు 120 మంది పనిచేసే సంస్థలో సాంకేతిక విభాగం బాధ్యతలు చూస్తున్నాను. మా ఖాతాలు, సరుకు నిల్వలు, అమ్మకాలు మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో నడుస్తున్నాయి. ఒకే ఖాతాదారు పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. రాబోయే ఐదేళ్లకు ప్రణాళిక ఇమ్మని యాజమాన్యం అడగగా, ఏ ఏడాది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో, క్లౌడ్‌కు ఎప్పుడు మారాలో పట్టిక వేశాను గానీ, రెండో ఏడాది దాటాక రాసినదంతా నాకే జోస్యంలా కనిపిస్తోంది. ఇటువంటి ప్రణాళికకు అర్థం ఉందా?

సమాధానం 1

కొనవలసిన వస్తువుల జాబితాగా రాశారు కనుకనే అది జోస్యంలా ఉంది. ఐదేళ్ల తరువాత ఏ సాఫ్ట్‌వేర్ మేలో ఎవరూ చెప్పలేరు, కానీ ఇప్పుడు వాడుతున్నవాటిలో ఏది ఎప్పుడు ఆగిపోతుందో చాలావరకు ముందే తెలుస్తుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే ఉచిత భద్రతా నవీకరణలు, 2025 అక్టోబరు 14న ముగిసింది. ఆ తేదీ ఏళ్ల ముందు నుంచే బహిరంగంగా ఉన్నా, చివరి నెలల్లో హడావిడి పడిన సంస్థలకు లెక్క లేదు. విండోస్ సర్వర్ 2016కు పొడిగించిన మద్దతు గడువు 2027 జనవరి 12. మీ దగ్గరున్న ప్రతి సర్వరుకూ, సాఫ్ట్‌వేరుకూ, ఒప్పందానికీ ఎదురుగా ఇటువంటి తేదీ రాస్తే, సగం ప్రణాళిక ఊహతో పని లేకుండానే తయారవుతుంది.

మిగిలిన సగంలో, ఒకసారి తీసుకుంటే వెనక్కి మళ్లడం కష్టమయ్యే నిర్ణయాలకే చోటివ్వండి. వీడియో సమావేశాల సాధనాన్ని నెలలో మార్చుకోవచ్చు. ఖాతాల వ్యవస్థను మార్చాలంటే ఏళ్లు పట్టవచ్చు.

సమాధానం 2

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, అయితే తేదీలను అంతగా నమ్ముకోవద్దు. చిప్‌లు, సాఫ్ట్‌వేర్ తయారుచేసే బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో వీఎంవేర్‌ను (ఒకే సర్వరును అనేక సర్వర్లుగా వాడుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థను) కొని, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి, చందా పద్ధతికి మార్చింది. ఎంత జాగ్రత్తగా వేసిన గడువుల పట్టికలోనూ ఇది ఉండదు. కాబట్టి ప్రతి ముఖ్యమైన సాఫ్ట్‌వేరుకూ బయటపడే దారి కూడా రాయండి: మన డేటా ఏ రూపంలో తిరిగి వస్తుంది, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో? మేము ఒక సేవను వదులుకున్నప్పుడు పాత బిల్లులన్నీ పీడీఎఫ్ ఫైళ్లుగా చేతికిచ్చారు; ఇద్దరు ఉద్యోగులు నాలుగు నెలలు కూర్చుని వాటిని మళ్లీ టైపు చేశారు. ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఆ శ్రమ తప్పేది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ముందుగా మూడు సాఫ్ట్‌వేర్లనూ తీసివేసి ఒకే ఈఆర్‌పీ (ఖాతాలు, నిల్వలు, అమ్మకాలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) తెచ్చుకోవడం మంచిదంటారా?

సమాధానం 3

ముందే తేవద్దు. ఒక సంస్థ తయారుచేసే వ్యవస్థ ఆ సంస్థలోని సంభాషణల తీరునే పోలి ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. మీ మూడు విభాగాలు ఖాతాదారు అంటే ఎవరో ఒక మాట మీదకు రాకపోతే, కొత్త ఈఆర్‌పీలోనూ మూడు జాబితాలే పుడతాయి. మొదటి ఏడాది ఖాతాదారుల కోడ్లకూ సరుకుల కోడ్లకూ ఒక్కొక్క బాధ్యుణ్ణి పేరుతో సహా నియమించి, పాత సాఫ్ట్‌వేర్లలోనే వాటిని సరిచేయించండి. ఇది యాజమాన్యానికి చప్పగా అనిపిస్తుంది, నిజమే. ఈఆర్‌పీ ఎంపికను రెండో ఏడాదిలో పెట్టి, బడ్జెట్‌ను మొదటి 18 నెలలకే వివరంగా రాసి, ఆపైన దిశ మాత్రమే చూపి, ఆరు నెలలకొకసారి తిరగరాస్తామని మొదటి పేజీలోనే చెప్పండి.