‘ది ఓల్డ్ డార్క్ హౌస్’ (1932): దెయ్యమే లేనిది హారర్ ఎలా అవుతుంది?

పాతరీలు:
రాత్రి లైట్లార్పేసి మరీ చూశాను. వేల్స్ కొండల్లో కుండపోత వాన, దారి మూసుకుపోయి కొందరు ప్రయాణికులు ఫెమ్ కుటుంబం వాళ్ళ పాత బంగళాలో తలదాచుకుంటారు. 72 నిమిషాలూ దెయ్యం కోసం చూశాను, రాలేదు. బోరిస్ కార్లాఫ్ ఉన్నాడు కదా అనుకుంటే, తాగి గొడవ చేసే మూగ పనివాడి వేషం. ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో చేసిన కార్లాఫే ఇతను, వాదులాటలు వద్దు అని సినిమా మొదట్లోనే కార్డు వేశారు! నా లెక్కలో ఇది కామెడీ.

గోదారిగట్టు:
దెయ్యం ఉంటేనే భయమా అండీ? ఆ ప్రయాణికుల్లో ఒకామె మార్గరెట్, తడిసిన బట్టలు మార్చుకోడానికి వెళ్ళిన గది గుర్తుందా? ఫెమ్ కుటుంబంలోని చెవుడున్న ముసలి రెబెక్కా వెనకే వస్తుంది. మార్గరెట్ గౌను పట్టుకుని, మంచి గుడ్డే గానీ కుళ్ళిపోతుంది అంటుంది. తర్వాత గుండె మీద చెయ్యి పెట్టి, ఇదీ కుళ్ళేదే అంటుంది. వంకర అద్దంలో ఆ మొహం సాగిపోతూ ఉంటుంది. ఆ చెయ్యి నా మీదే పడ్డట్టయింది.

రాత్రిబండి:
బ్రో, మరి బంగాళదుంప సీన్? రెబెక్కా తమ్ముడు హోరెస్‌గా వేసిన ఎర్నెస్ట్ థెసిగర్ భోజనాల బల్ల దగ్గర దుంప తీసుకోమంటాడు చూడు, విషం వడ్డిస్తున్నట్టు! పొట్ట చెక్కలయింది.

పాతరీలు:
నేననేదీ అదే కదా.

గోదారిగట్టు:
ఆగండి. ఆ హోరెసే, కరెంటు పోయి మేడమీది నుంచి దీపం తేవాల్సొచ్చేసరికి వణికిపోతాడు. పుట్టి పెరిగిన ఇంట్లో మెట్లెక్కడానికి వాడికే భయమైతే, పైన ఏముందోనని మనకి టెన్షన్ రాదా? నవ్వించినవాడే భయపడుతున్నాడు కాబట్టే నమ్ముతాం. మొదటి నుంచీ పళ్ళు నూరుతూ తిరిగితే ఎవరు పట్టించుకుంటారు? పైన ఏముందో చెప్పను, చూడనివాళ్ళుంటారు. మెట్ల కటకటాల మీద ఒక్క చెయ్యి మాత్రం కనిపించే షాట్ ఉంది, అంతవరకే.

నైట్రేట్ మామ:
పాతరీలు గారూ, చూసిన కాపీ ఏది? ఈ సినిమా పోయిందనే చాలాకాలం అనుకున్నారు. దర్శకుడు జేమ్స్ వేల్ స్నేహితుడు కర్టిస్ హారింగ్టన్ పట్టుబట్టి వెతికిస్తే 1968లో యూనివర్సల్‌లో నెగెటివ్ దొరికింది. 2017లో శుభ్రం చేసిన కాపీ వచ్చింది, అందులో చూడండి. గోడ మీద మార్గరెట్ చేతులతో నీడలాట ఆడుతుంటే హఠాత్తుగా ఇంకో నీడ కలుస్తుంది. మసక కాపీలో అది మచ్చలాగే ఉంటుంది.

ఇంకోటి, మంచం పట్టిన 102 ఏళ్ళ ఆ ఇంటి పెద్ద సర్ రోడరిక్ వేషం వేసింది ఎల్స్‌పెత్ డడ్జన్ అనే నటి. టైటిల్స్‌లో మగపేరు వేశారు.

పాతరీలు:
ఫోన్‌లో చూశానండీ, మసకే. నీడ సంగతి అసలు గమనించలేదు. ఆదివారం టీవీలో మంచి కాపీ వేసుకుంటాను. బంగాళదుంప దగ్గర మాత్రం మళ్ళీ నవ్వుతాను, ముందే చెప్తున్నా.