పాత కారుకు ఏ ఇంజిన్ ఆయిల్ పోయించాలి? దాని లెక్క ఎలా ఉంచుకోవాలి?

ఇటీవల నేను కొన్న పాత పెట్రోల్ కారు ఇప్పటికే 92,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ ఎప్పుడు మార్పించారో, ఏ గ్రేడు పోయించారో తెలిపే రసీదు ఒక్కటి కూడా మునుపటి యజమాని నాకు ఇవ్వలేదు.

కారుతో వచ్చిన పుస్తకంలో ఆయిల్ గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉండగా, మెకానిక్ మాత్రం ఇంజిన్ అరిగి ఉంటుంది కనుక 10డబ్ల్యూ-40 పోయించమంటున్నారు. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో, రెండవది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎంత చిక్కగా ఉంటుందో సూచిస్తాయని చదివాను. పొగ గానీ లీకు గానీ కనిపించని ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ వల్ల నిజంగా మేలు కలుగుతుందా, లేక ఆయిల్ ఒత్తిడితో పనిచేసే వాల్వ్ టైమింగ్ భాగాలకు (ఇంజిన్ వాల్వులు తెరుచుకునే, మూసుకునే సమయాన్ని మార్చేవి) ఇబ్బంది అవుతుందా? నాకైతే పుస్తకంలో ఉన్నదే సరి అనిపిస్తోంది, కానీ అనుభవజ్ఞుల మాట వినాలని ఉంది.

చదునైన నేలపై కారు నిలిపి, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం తెలిపే, పై, కింది గీతలున్న కడ్డీ) చూస్తున్నాను. 1,000 కిలోమీటర్లలో మట్టం పై గీత నుండి రెండు గీతల నడిమికి దిగింది. ఆయిల్ ఇంత తగ్గడం ఆందోళన పడవలసిన విషయమేనా? గతం తెలియని ఇంజిన్‌కు మొదటి మార్పు, ఫిల్టరుతో సహా, గడువుకు ముందే చేయించాలా? తేదీ, కిలోమీటర్లు, గ్రేడు, మధ్యలో కలిపిన పరిమాణం కాక నోటుపుస్తకంలో ఇంకేమి రాసుకోవాలో దయచేసి తెలుపగలరు.