యూదులను కాపాడిన యూదుల గురించి: నెహామా టెక్ తర్వాత ఏది చదవాలి?

నెహామా టెక్ లుబ్లిన్‌లో పుట్టి, నాజీల కాలంలో క్రైస్తవ బాలికగా చెలామణి అయి బతికి బయటపడిన సామాజిక శాస్త్రవేత్త. ఆమె పుస్తకాల్లో ‘వెన్ లైట్ పియర్స్‌డ్ ద డార్క్‌నెస్’ (1986), ‘డిఫయన్స్’ (1993) చదివాను. మొదటిది పోలండ్‌లో యూదులకు ఆశ్రయమిచ్చిన క్రైస్తవుల గురించి. రెండోది నన్ను కుదిపేసింది. అందులో నాజీలకు చిక్కకుండా అడవిలో దాక్కుని పోరాడిన యూదు గెరిల్లా దళం కథ ఉంది. దాని నాయకుడు తూవియా బియెల్‌స్కీ తుపాకీ పట్టగల యువకులనే కాక ముసలివాళ్లను, పసిపిల్లలను కూడా దళంలోకి తీసుకున్నాడు. ఇప్పటి బెలారస్‌లోని నలిబోకి అడవిలో రొట్టెల బట్టీ, చెప్పులు కుట్టే చోటు, తుపాకులు బాగుచేసే చోటు నడిపారు. 1944 వేసవిలో సుమారు 1,200 మంది ప్రాణాలతో బయటికి వచ్చారు. పోరాటమంటే కాపాడటం కూడా అని ఇంత గట్టిగా చూపిన పరిశోధన నేను మరొకటి చదవలేదు.

ఇలాంటివే మరికొన్ని చదవాలని గ్రంథాలయాల ఆన్‌లైన్ జాబితాల్లో ‘రెస్క్యూయర్స్’ (కాపాడినవారు), ‘హోలోకాస్ట్’ (నాజీలు జరిపిన యూదుల సామూహిక హత్యాకాండ) అని కలిపి వెతికాను. దాదాపు అన్నీ యూదేతరుల కథలే వచ్చాయి. ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వాషెమ్, యూదులను కాపాడినవారికి 1963 నుంచి ఇస్తున్న ‘రైటియస్’ గౌరవం యూదేతరులకు మాత్రమే కాబట్టి, ఆ మాటతో వెతికినా అంతే. ‘జూయిష్ రెసిస్టెన్స్’ అంటే వార్సా ఘెట్టో (నాజీలు యూదులను నిర్బంధించిన పేట) తిరుగుబాటు దగ్గరే ఆగిపోతోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పిల్లలను తప్పించిన వాల్టర్ జుస్కింట్ వంటి పేర్లు తగిలాయి కానీ, అవి చిన్న వ్యాసాలే.

నేను తెలుగు, ఇంగ్లీషు మాత్రమే చదవగలను. యూదులే తోటి యూదులను కాపాడిన ఉదంతాలపై, బియెల్‌స్కీ దళం కాకుండా, బతికినవారి వాంగ్మూలాల ఆధారంగా రాసిన ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?