అద్దె గదిలో విక్కా వృత్తం వేయడం ఎలా?

ప్రశ్న: ప్రకృతిని కొలిచే ఆధునిక పాగన్ మతం విక్కా నేర్చుకుంటున్నా. బెంగళూరులో ఒంటి గది. కోవెన్ (విక్కా సాధకుల గుంపు) లేదు, నేర్పేవాళ్లూ లేరు. వచ్చే పౌర్ణమికి వృత్తం (పూజకు చుట్టూ ఏర్పరచుకునే పవిత్ర వలయం) వేద్దామనుకుంటున్నా. తొమ్మిది అడుగులు తప్పనిసరా? నేల మీద ఉప్పు పోయాలా?

జవాబు 1: తొమ్మిది అడుగుల వ్యాసం, విక్కాను వ్యాప్తిలోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్ సంప్రదాయంలో గుంపు లెక్క. ఒంటరి సాధనకు చేతులు చాచి తిరిగేంత జాగా చాలు. ఉప్పు నేల మీద వద్దండి, చెమ్మ లాగి టైల్స్ సందుల్లో మరకలు పడతాయి. గిన్నెడు నీళ్లలో మూడు చిటికెలు కలిపి, తూర్పున మొదలుపెట్టి ప్రదక్షిణంగా చిలకరించండి. తూర్పు గాలి, దక్షిణం నిప్పు, పడమర నీరు, ఉత్తరం భూమి. అయ్యాక అప్రదక్షిణంగా విప్పాలి. చాలామంది వదిలేసేది ఇదే. మిగిలిన నీళ్లు సింకులో పోయండి, తులసి కుండీలో పోస్తే మొక్క మాడిపోతుంది.

జవాబు 2: కొవ్వొత్తికి నూనె రాస్తే ఒక్క చుక్కే, అదీ వత్తికి తగలకుండా. ఎక్కువైతే భగ్గుమంటుంది. ఫ్యాన్ ఆపి, కర్టెన్లు పక్కకి జరపండి. మగ్‌వర్ట్ అనే మూలిక కోసం ఆన్‌లైన్‌లో డబ్బులు తగలేయకండి, చవితి పూజలో వాడే మాచిపత్రి ఆ కుటుంబంలోదే. గర్భిణులు మాత్రం దాని జోలికి పోవద్దు.

ప్రశ్న అడిగినవారు: మరి సావిన్ (పితరులను తలచుకునే విక్కా పండుగ) అక్టోబరు 31నే చేయాలా? ఇక్కడ అప్పటికి వానలే కదా!

జవాబు 1: ఆ తేదీ బ్రిటన్, ఐర్లండ్ రుతువులది. అయనాలు, విషువత్తులు ఆకాశం లెక్క కాబట్టి ఆ నాలుగు రోజుల పండుగలూ మార్చకండి. పితరుల స్మరణే ముఖ్యమనుకుంటే మహాలయ అమావాస్యకి చేసుకోండి, నాకైతే తప్పనిపించదు.